కండక్టరు, డ్రైవరు, ఒక పిట్ట

“ముందుకి జరగండి, ముందుకి జరగండి! మధ్యలో అంతా ఖాళీయే!”

ఈ కేక నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను గానీ, విన్న ప్రతిసారీ బస్సులోనే ఉన్నాను. ఈసారి అడవిలో ఉన్నాను. వాన అప్పుడే వెలిసింది, చెట్లు మాత్రం ఇంకా కురుస్తున్నాయి. ఒక చేతిలో గొడుగు, రెండో చెయ్యి మేజోడులోకి దూరిన జలగ కోసం వెతుకులాటలో. అలా వంగి వంగి జారుడు బాట ఎక్కుతున్నవాణ్ణి తలెత్తి చూస్తే, మలుపులో ఒక సన్నటి మనిషి. కాళ్ళు ఎడంగా పెట్టి, పైనుంచి వేలాడే తీగని ఒక చేత్తో పట్టుకుని, కదలని నేల మీద కొద్దికొద్దిగా ఊగుతూ నిలబడ్డాడు. చెవి మీద పెన్ను. అడవిలో చెవి మీద పెన్ను పెట్టుకున్న మనిషిని నేను అదే చూడ్డం.

“నన్నేనా?” అన్నాను.

“ఇంకెవరున్నారు మాస్టారూ? దారికడ్డంగా నిలబడితే వెనకొచ్చేవాళ్ళకి ఇబ్బంది.”

“వెనక ఎవరూ రావట్లేదు.”

“వస్తాడు,” అన్నాడు దిగులుగా. “పొద్దుటినుంచీ వస్తూనే ఉన్నాడు. అదే కదా నా బాధ.”

అంతలో ఆకుల మీదెక్కడో ఒక పిట్ట ఈలేసింది. పొట్టిగా ఒకటి, దాని వెంటనే ఇంకొకటి. ఈలకి సమాధానమా అన్నట్టు కిందనుంచి “పాం... పాం” అని హారన్ మోగింది. మోటారుబండి ఎక్కలేని బాట అది, సైకిలు కూడా మోసుకు రావాలి. నేను ఉలిక్కిపడి పొదలోకి గెంతాను. మలుపు తిరిగి వచ్చినది బండి కాదు, మనిషి. నిండైన శరీరం, వీపున సంచి, రెండు చేతులూ ఛాతీ ముందుకెత్తి లేని చక్రాన్ని పట్టుకుని, చూపు నిటారుగా పెట్టి వచ్చాడు. గుంట దగ్గర నెమ్మదించాడు. మలుపు దగ్గర కుడిచెయ్యి చాపాడు. నోటితో ఇంకోసారి “పాం” అన్నాడు. మమ్మల్నిద్దర్నీ రోడ్డుపక్క మైలురాళ్ళని చూసినట్టు చూసి దాటిపోయాడు.

నా పక్కనున్న సన్నటాయన నోరు తెరిచాడు. మూసేశాడు. మళ్ళీ తెరిచాడు. అప్పటికి ఆ వీపు వెదురుపొదల్లో కలిసిపోయింది.

“అయిపోయింది. ఈసారీ పోయింది,” అని తీగ వదిలేసి రాయి మీద కూలబడ్డాడు.

“ఎవరాయన?”

“మా బావ.”

“ఎక్కడికెళ్తున్నాడు?”

“ఎక్కడికీ లేదు. గుట్ట చుట్టూ తిరుగుతున్నాడు. ఈ బాట గుండ్రంగా ఉంది మాస్టారూ, తోక నోట్లో పెట్టుకున్న పాములాగ. ఆపేవాడు లేడు, తిరుగుతున్నాడు.”

“మీరు ఆపొచ్చుగా?”

“ఎలా ఆపను? మా ఇద్దరికీ మాటల్లేవు.”

నేను పొదలోంచి బయటికొచ్చి, ముళ్ళు పీక్కుంటూ ఆయన పక్కన కూర్చున్నాను. అడవి మీద పుస్తకాలు చాలా చదివాను. వాటిలో తొంభై పాళ్ళు అడవి నిశ్శబ్దం గురించే ఉంటుంది. ఆ రాసినవాళ్ళెవరూ వానాకాలంలో వెళ్ళి ఉండరు. కప్పలు, కీచురాళ్ళు, కారే ఆకులు, రాలే కాయలు, ఇవన్నీ చేరి సంతకి తీసిపోని గోల. పుస్తకాల్లో లేనిది ఇంకొకటుంది: డబ్బున్నవాడికి అడవి కిటికీలోంచి కనిపిస్తుంది, లేనివాడికి చొక్కా లోపల తగులుతుంది. నేను ఎప్పుడూ రెండో పద్ధతిలోనే తిరిగాను. ఈ అడవికి కూడా అలాంటి చవక యాత్రే ఒకటి ఉంది. వ్యాను తెచ్చి అడవి అంచున దింపేస్తుంది, “బస అదిగో, అక్కడే” అని చెట్ల వైపు చెయ్యి ఊపుతుంది, వెళ్ళిపోతుంది. ఆ “అక్కడ” ఒక రేకుల షెడ్డు. దారి చూపే మనిషి కావాలంటే అదనం. ఇద్దరొస్తే ఒకరు ఉచితం. నేను ఒంటరిగా వచ్చాను కాబట్టి నా ఉచితం గాలిలో కలిసిపోయింది. షెడ్డు ఎటుందో ఇంకా తెలియలేదు.

ఆ ఉచితమే ఈ ఇద్దర్నీ ఇక్కడికి తెచ్చింది. ఆ కథ ఆయన చెప్పినంత మేరకు చెబుతాను. మధ్యమధ్య బావగారు “పాం” అంటూ దాటిపోతూ ఉంటే ఆపి, దిగులుపడి, మళ్ళీ అందుకునేవాడు.

ఆయన బస్సు కండక్టరు. పదవీ విరమణ అయిపోయింది గానీ శరీరానికి ఆ కబురు ఇంకా అందలేదు. ఇంట్లో కూడా గుమ్మంలోనే నిలబడి అన్నం తింటాడట, ద్వారబంధం పట్టుకుని. కుర్చీ వేస్తే ఎవరైనా పెద్దవాళ్ళొస్తే లేవాలి కదా అని భయం. మంచం మీద నిద్ర పట్టదు, మంచం కదలదు కాబట్టి. వాషింగ్ మెషీన్ తిరిగేటప్పుడు దానికి ఆనుకుని పడుకుంటే హాయిగా గురకపెడతాడు. “బట్టలు తక్కువున్న రోజున నాకు కలతనిద్దరే మాస్టారూ,” అన్నాడు.

ఉద్యోగమంతా వెనక తలుపు దగ్గరే. ముందేమొస్తుందో ఆయన ఎన్నడూ చూడలేదు, దాటిపోయినవే చూశాడు. ముందు చూసే పని డ్రైవరుది. ఆ డ్రైవరే ఈ బావ. ఇద్దరూ ఒకే బస్సు మీద కలిసి ముసలివాళ్ళయ్యారు. మధ్యలో పొడుగాటి బస్సు, దాన్నిండా జనం, కాబట్టి మాట్లాడుకునే వీలు లేదు. ఒక ఈల అంటే ఆగు. రెండు ఈలలంటే పోనీ. వాళ్ళ భాష అంతే. వాళ్ళకి అది చాలింది కూడాను.

“మా అక్కకి సంబంధం చూస్తున్న రోజుల్లో ఒకాయన ఇంటికొచ్చాడు,” అని చెప్పాడు కండక్టరు. “ఎక్కడో చూసినట్టుంది, ఎక్కడో తెలీదు. అక్క పక్కకి పిలిచి ‘మనిషి ఎలాంటివాడ్రా?’ అంటే ‘ఏమో, కొత్తమొహం’ అన్నాను. ఆయన లేచి, నీళ్ళు తాగడానికి అటు తిరిగాడు. మెడ కనపడింది. మెడ మీద పుట్టుమచ్చ. ‘ఓరినీ! మా డ్రైవరు!’ అని అరిచాను. అప్పటిదాకా ఆయన మొహం నేను సరిగ్గా చూసిందే లేదు!”

అలా మెడ సాక్ష్యం మీద ఆ పెళ్ళి కుదిరింది. ఈయన పెళ్ళి మాత్రం కుదరలేదు. ఎందుకని అడిగితే, “ఎక్కేవాళ్ళని ఎక్కించడం, దిగేవాళ్ళని దింపడం... ఆ సందట్లో మన స్టాపు దాటిపోయింది,” అని నవ్వేశాడు. ఒంటరివాడు. ఆయన గదికీ, అక్కావాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి ఒక తలుపు. పొద్దున్నే ఆ తలుపులోంచి కాఫీ కోసం అటెళ్ళేవాడు, రాత్రి పడుకోవడానికి ఇటొచ్చేవాడు. చెప్పాలంటే ఆయన కాపురమంతా ఆ తలుపే.

ఇక మాటలు పోయిన సంగతి. ఇద్దరి ఉద్యోగానికీ ఆఖరిరోజు ఒకటే. ఆఖరి ట్రిప్పులో ఒక స్టాపులో ఎవరో ఇనుపబీరువా తెచ్చారు. పైకెక్కించాలి. కండక్టరు దిగి, బస్సు వెనక నిచ్చెన దగ్గర బీరువాకి భుజం పట్టాడు. బీరువా పైకెక్కింది. ఈయన కిందుండగానే బస్సు కదిలింది. ఈయన పరిగెత్తాడు. అరిచాడు. విజిల్ ఊదుదామంటే ఊపిరి పరుక్కే సరిపోయింది. ఇంత ఉద్యోగంలో మొదటిసారి తన బస్సుని బయటినుంచి, అదీ చిన్నదైపోతూ ఉండగా చూశాడు.

డిపోలో అందరూ టీ, బిస్కెట్లు పెట్టుకుని వీడ్కోలు చెప్పడానికి ఎదురుచూస్తున్నారు. బస్సొచ్చింది, కండక్టరు లేడు. కాసేపటికి కోళ్ళ లారీ ఒకటొచ్చింది. వెనకనుంచి కండక్టరు దిగాడు, జుట్టునిండా ఈకలతో. డిపో మేనేజరు ఉపన్యాసం మధ్యలో నవ్వాపుకోలేక టీ మీద పోసుకున్నాడు. ఎవరో “కొక్కొరొకో” అన్నారు.

“నేను ఈల వెయ్యకుండా బండెందుకు తీశావు బావా?” అని అందరి ముందూ అడిగాడు ఈయన.

“రెండు వేశావు, తీశాను.”

“నేను వెయ్యలేదు.”

“నాకు వినపడింది.”

“అబద్ధం! ఆఖరిరోజు నన్ను నవ్వులపాలు చెయ్యాలని కావాలనే తీశావు!”

“నేను అబద్ధాలకోరునా?”

“కాకపోతే నేను పిచ్చోణ్ణా?”

అంతే. ఆ రోజునుంచి మాటల్లేవు. ఏడాది దాటింది. తలుపు అలాగే ఉంది, ఈయన అలాగే వెళ్ళి తింటున్నాడు, కానీ మాటలన్నీ అక్క మీదుగా నడవాలి. ఆవిడ కొన్నాళ్ళు మోసింది. ఒకరోజు గరిటె విసిరేసింది. “ఒరేయ్ తమ్ముడూ, వండింది నేనైతే, కూరలో ఉప్పు తక్కువైందని ఆయనకి చెప్పమంటావేంట్రా? నేనేమన్నా టెలిఫోను స్తంభాన్నా? ఇదిగో, ఈ అడవి యాత్ర ఇద్దరికి ఒకరి ఖర్చేనట. ఇద్దరూ పొండి. మాట్లాడుకుని రండి. మాట్లాడుకోకుండా వచ్చారో, ఆ తలుపు పీకించి గోడ కట్టించేస్తాను. మేస్త్రీకి చెప్పేశాను. ఇటుకలు కూడా దించాడు.”

ఆవిడ ఉత్తినే బెదిరించే మనిషి కాదట. ఇటుకల్ని ఈయన కళ్ళారా చూశాడు.

వచ్చారు. షెడ్డులో ఒకే చాప మీద తలా ఒక దిక్కు పెట్టి పడుకున్నారు. ఆ మూలన ఒక కప్ప ఉండేదట, లావుపాటిది. ఇద్దరూ దానితో మాట్లాడ్డం మొదలుపెట్టారు. “కప్పగారూ, కొందరి కాలికి జలగ పట్టింది, చూసుకుంటే మంచిది,” అని ఈయన. “కప్పగారూ, ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకుంటే ఇంకా మంచిది,” అని ఆయన. షెడ్డులో వంటచేసే ఆవిడ ఇది విని కప్ప మీద భక్తితో రోజూ దానికి దణ్ణం పెడుతోందట.

“కప్పతో అన్నది మీ అక్క లెక్కలోకి రాదా?” అన్నాను.

“మా అక్క సంగతి మీకు తెలీదు. దేవుడితో మొక్కుకున్నా లెక్కలోకి రానివ్వదు. ఎదురుగా మొహం చూసి మాట్లాడాలి. యాత్ర ఇవాళ్టితో ఆఖరు మాస్టారూ. సాయంత్రం వ్యానొస్తుంది.”

ఆ పొద్దున ఇద్దరూ జలపాతం చూద్దామని బయల్దేరారు. మనిషిని పెట్టుకుంటే అదనం కదా, పెట్టుకోలేదు. బావ ముందు, ఈయన వెనక. ఇంకోలా నడవడం వాళ్ళకి చేతకాదు. మలుపు దగ్గర ఈయన జలగ తీసుకోవడానికి ఆగాడు. బావ కూడా ఆగి, ముందుకే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడా పిట్ట రెండు ఈలలేసింది.

బావ కదిలాడు.

“అలా కదిలిపోయాడు మాస్టారూ! ఆలోచన లేదు, అనుమానం లేదు. స్విచ్చేస్తే ఫ్యాను తిరిగినట్టు. నేను ఒంటికాలి మీద నిలబడి చూస్తున్నాను. సరిగ్గా ఆ రోజులాగే, అదే వీపు. అప్పుడు తెలిసింది. రెండు ఈలలు వినపడితే మా బావ కదులుతాడు. ఎవరేశారని చూడడు. ఎందుకు చూడాలి? ఈల వెయ్యడానికి నేనున్నానని నమ్మకం.” చెవి మీది పెన్ను సర్దుకున్నాడు. “ఆ రోజు బీరువా స్టాపులో బొమ్మలమ్మేవాడొకడు ఎక్కాడు. బుట్టనిండా రేకు ఈలలు. వాడికి ముందు తలుపు చూపించింది నేనే. టికెట్ కొట్టింది నేనే. ఏ పిల్లాడో బేరమాడుతూ ఊది చూసుంటాడు. అయితే మా బావ నిజమే చెప్పాడు. అబద్ధాలకోరని నేను డిపో అంతా వినేలా అరిచాను.”

“ఆ మాటే చెప్పండి.”

“చెబుదామనే ఇక్కడ నిలబడ్డాను. వచ్చిన ప్రతిసారీ నోరు తెరుస్తున్నాను. రావట్లేదు. గొంతులో ఇటుక అడ్డంపడ్డట్టుంది.”

మళ్ళీ పిట్ట. మళ్ళీ “పాం”. ఈసారి నేనే లేచి, బావగారి పక్కన పరుగులాంటి నడకతో వెళ్ళాను.

“అయ్యా, ఒక్కమాట—”

“డ్రైవరుతో మాట్లాడరాదు. బోర్డు చదవలేదా?”

“అడవిలో బోర్డెక్కడుందండీ?”

“లేకపోతే రూలు మారిపోతుందా?”

“మీకు ఈలేస్తున్నది పిట్టండీ.”

“తెలుసు. రెండో చుట్టులోనే తెలిసింది. పిట్టైతే ఏం? డ్యూటీ సరిగ్గా చేస్తోంది. ఇచ్చిన సిగ్నలు ఇవ్వలేదనదు.” ఆయన రొప్పుతున్నాడు. మొహం ఎర్రగా కందిపోయింది. “మలుపులో ఒక పెద్దమనిషి నిలబడ్డాడు, చూశారా? ఆ మనిషి ఆపితే ఆగుతాను. లేకపోతే ఈ గుట్ట అరిగేదాకా తిరుగుతాను. ఆ సంగతి ఆయనకి మీరు చెప్పకండి.”

“చెప్పనండి.”

“కాస్త తొందరగా చెప్పకండి. మోకాళ్ళు పోతున్నాయి.”

అడ్డదారిన పడుతూ లేస్తూ మలుపుకి తిరిగొచ్చాను. వచ్చీ రాగానే చెప్పకూడనిదంతా చెప్పేశాను. కండక్టరు మొహం వెలిగింది. “ఆపితే ఆగుతానన్నాడా? అంటే ఒక్క ఈల చాలు! మాటే అక్కర్లేదు!” అని జేబులోంచి విజిల్ తీశాడు. బంగారంలా తోమిన ఇత్తడి విజిల్. దాన్ని చొక్కాకి తుడిచి, పెదాల మధ్య పెట్టి, బుగ్గలు పొంగించి ఊదాడు.

ఫుస్స్.

మళ్ళీ ఊదాడు. ఫుస్స్. అడవి చెమ్మకి విజిల్ లోపలి గింజ ఉబ్బి బిగుసుకుపోయింది. చేత్తో తట్టాడు, రాయికేసి కొట్టాడు, నా గొడుగు కొనతో పొడిచాడు. లోపల్నుంచి ఒక చీమ బయటికొచ్చి, నిద్ర చెడగొట్టినందుకు మమ్మల్ని ఓసారి చూసి వెళ్ళిపోయింది.

“మీ గొంతుందిగా!” అన్నాను.

“అదే పనిచెయ్యట్లేదన్నాగా!”

“పాం... పాం.” హారన్ కూడా నీరసంగా ఉంది. బావగారు కుంటుతూ వస్తున్నారు. చక్రం పట్టుకున్న చేతులు బొడ్డు దాకా జారాయి. మలుపు దగ్గర కుడిచెయ్యి చాపడానికి ఎడంచేత్తో ఎత్తాల్సొచ్చింది. మా ముందు నుంచి పోయారు. ఒక అడుగు దాటారు. ఇంకో అడుగు. ఆ రోజు బస్సులాగే ఆ వీపు చిన్నదవడం మొదలైంది. పైన ఆ పాపిష్టి పిట్ట రెండు ఈలలకి గొంతు సవరించుకుంది.

కండక్టరు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అన్నేళ్ళూ ఆ నోటినుంచి దానంతటదే వచ్చిన కేక, ఇప్పుడూ దానంతటదే వచ్చింది.

“హోల్డాన్! మనిషెక్కాలి!”

బావ ఆగాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే గాల్లో ఉంది. వెనక్కి తిరగలేదు.

“ఎవరెక్కాలి?” అన్నాడు ముందున్న వెదురుతో.

“నేను.” గొంతు పీలగా వచ్చింది. “నేనెక్కాలి బావా. ఆ రోజు నువ్వు ఈల విన్నావు. నువ్వు నిజమే చెప్పావు. నాదే తప్పు.”

చెట్లు కురుస్తూనే ఉన్నాయి. ఆ పెద్ద శరీరం మెల్లిగా, రివర్స్ గేరులో తిరుగుతున్నట్టు, అడుగు తరవాత అడుగేస్తూ ఇటు తిరిగింది. ఇద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అలవాటు లేని పని, ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది.

“ఒరే బామ్మర్దీ,” అన్నాడు బావ చివరికి, “ఎత్తిన కాలు దించొచ్చా?”

“దించు, దించు!”

“ఏడాది పట్టింది ఒక్క స్టాపుకి. అరగంట ముందరే ఆపుంటే ఈ మోకాలు మిగిలేది కదరా గాడిదా!”

“నీకు మాత్రం నోరు లేదా? హారన్ ఒక్కటే ఉందా?”

“పెద్దవాణ్ణి, నేనెందుకు ముందు మాట్లాడాలి?”

నాకు కళ్ళు చెమర్చాయి. ఆకుల నీళ్ళేనని సర్దిచెప్పుకుని తుడుచుకున్నాను. బావగారు సంచి దించి రాయి మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటున్నారు. ఇదే సందని, నా సొంత అవసరం గుర్తొచ్చి కండక్టరుని పట్టుకున్నాను.

“అయ్యా, షెడ్డుకి దారి ఎటు? నాకు చీకటి పడకముందే చేరాలి.”

“ఓ, అదా!” ఆయన ఇప్పుడు వేరే మనిషి. ఛాతీ విరుచుకుని, చెవి మీది పెన్ను తీసి దాంతో గాల్లో గీస్తూ శ్రద్ధగా మొదలుపెట్టాడు. “ఇలా నేరుగా దిగండి. పడిపోయిన చెట్టొకటి వస్తుంది, దాని కిందనుంచి దూరండి. తరవాత దారి రెండుగా చీలుతుంది. జాగ్రత్తగా వినండి మాస్టారూ, అందరూ అక్కడే తప్పు చేస్తారు. రెండూ ఒకేలా ఉంటాయి. ఒకటి షెడ్డుకెళ్తుంది, రెండోది ఊబిలోకెళ్తుంది. మీరు మాత్రం పొరపాటున కూడా—”

“ఒరే! వ్యానొచ్చే వేళయింది, ఇటునుంచిటే అడవి అంచుకి పోదాం. మేస్త్రీకి ఫోను చేసి ఇటుకలు వెనక్కి పట్టుకుపొమ్మనాలి. నడు!”

“వస్తున్నా బావా!”

పెన్ను చెవి మీదికి వెళ్ళింది. ఆయన నాకేసి ఓ చూపైనా చూడలేదు. బావ సంచి తను భుజానేసుకుని, బావ చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని, ఇద్దరూ పట్టని బాట మీద ఇద్దరూ పక్కపక్కనే, తోసుకుంటూ దిగిపోయారు.

“అయ్యా! కుడా, ఎడమా?” అని అరిచాను.

“ఇంటికెళ్ళగానే ముందు స్నానం నాది,” అంటున్నాడు బావ.

“నీళ్ళు కాచేది మా అక్క. ముందు నాది.”

“అరిగిన మోకాళ్ళెవరివి?”

“కుడా? ఎడమా?”

వెదురు అవతల వాళ్ళ వాదన ఇంకా పెద్దదవుతూ, దూరమవుతూ పోయింది.